ఎదురింటి కొలత

మా మావయ్యగారు ఏ ఇంటికి కర్టెన్లు కుట్టాలన్నా ముందు ఆ ఇంట్లో అడుగు పెట్టేవారు కాదు. ఎదురింటికి వెళ్లేవారు.

మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క, చంకలో గుడ్డల నమూనా పుస్తకం. ఆ అవతారంతో ఎదురింటి తలుపు తట్టి, "మీ ఎదురింటివాళ్లు కర్టెన్లు కుట్టించుకుంటున్నారమ్మా. మీకెలాంటివి కావాలి?" అని అడిగేవారు. సగం మంది తలుపు వేసేసేవారు. మిగతా సగం మంది కుర్చీ వేసి టీ ఇచ్చేవారు. కబురంపి పిలిపించుకున్న ఇంటాయన మాత్రం తన గుమ్మంలో నిలబడి, తను పిలిచిన మనిషి అవతలి వరండాలో కాలు మీద కాలు వేసుకుని టీ చప్పరిస్తుంటే గుడ్లప్పగించి చూస్తుండేవాడు.

అందుకే ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. 'ఎదురింటాయన' అంటే చాలు, ఏ వీధివాళ్లకైనా తెలిసిపోయేది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఎవరైనా వచ్చి "ఎదురింటాయన ఉన్నారా?" అంటే, చెయ్యి చాపి ఎదురిల్లు చూపించి పంపేసేదాన్ని. అలా ఎంతమంది పని పోగొట్టానో లెక్క లేదు.

కింద కొట్టు, వెనక వంటిల్లు, పైన రెండు గదులు. కొట్టు నిండా గుడ్డల తానులు. వానాకాలంలో ఆ తానుల మధ్య కూర్చుంటే, ఇంకా ఎవరి కిటికీకీ చెందని బోలెడు సాయంత్రాలు చుట్టలు చుట్టి పెట్టినట్టుండేది. మా ఆయనకి గుడ్డ వాసన పడదు, తుమ్ములు. అందుకని పొద్దున్నే బస్సెక్కి తన ఆఫీసుకి పారిపోయేవారు. నాకు కుట్టు వచ్చు. కొట్లో రెండో మిషను నాదైంది.

పని మాత్రం శుద్ధంగా చేసేవారు మావయ్యగారు. గుడ్డని తడిపి ఆరేశాక గానీ కత్తెర పెట్టేవారు కాదు. కిటికీ వెడల్పుకి రెట్టింపు గుడ్డ తీసి, కుచ్చులు వేళ్లతోనే సమంగా సర్దేవారు. అంచు మడతలో కుట్టు కనబడేది కాదు. కానీ రంగూ, మందం, పొడుగూ అన్నీ ఎదురింటివాళ్లని అడగాల్సిందే.

"మనింటి కర్టెన్ గురించి వాళ్లనడగడమేంటండీ?" అని ఎవరైనా నిలదీస్తే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"మీరు దానికి వీపు తిప్పి కూర్చుంటారు. రోజంతా మొహాన పెట్టుకు చూసేది వాళ్లు."

ఒకసారి ఎదురెదురు ఇళ్లవాళ్లు ఒకే వారంలో కర్టెన్లు చెప్పారు. మావయ్యగారు దీని కోసం అక్కడికీ, దాని కోసం ఇక్కడికీ వెళ్లారు. చివరికి నీలం ఇష్టమైనవాళ్లింట్లో పసుపు వేలాడింది, పసుపు ఇష్టమైనవాళ్లింట్లో నీలం వేలాడింది. రెండు ఇళ్లవాళ్లూ కలిసి కొట్టు మీదికొచ్చారు. ఆయన టేపు చుట్టుకుంటూ, "మీ మీ కుర్చీల్లో కూర్చుని కిటికీలోంచి చూడండి. మీకిష్టమైన రంగు ఎదురుగానే ఉంటుంది. ఉతికే బాధ కూడా మీకు లేదు" అన్నారు. వాళ్లు వెళ్లి చూసి, మళ్లీ రాలేదు.

ఇంకోసారి ఒక కొత్త ఇంటికి ఎదురుగా ఇల్లే లేదు, ఖాళీ స్థలం. అక్కడ పోగేసిన ఇటికల మీద ఆయన పూటంతా కూర్చున్నారు. దారిన పోయేవాళ్లు పలకరిస్తే, "రేపెవరో ఇక్కడ ఇల్లు కట్టుకుంటారు కదా. వాళ్లకెలా ఉంటుందో చూస్తున్నా" అన్నారట. ఆ మాట మా అత్తయ్యగారు వంటింట్లో చెప్పి, నుదురు కొట్టుకుని, "పుట్టనివాళ్లని కూడా అడుగుతారమ్మా ఈయన. కట్టుకున్నదాన్ని తప్ప" అన్నారు.

దీనికి తోడు ఆయన కర్టెన్లకి ఇంకో అపకీర్తి కూడా ఉండేది. ఎక్కడో ఒకచోట తక్కువొచ్చేవి. పళ్ల డాక్టరుగారి గుమ్మం కర్టెన్ కింద జానెడు తక్కువైంది. సంగీతం మేష్టారు చప్పుడు బయటికి పోకుండా దళసరి మఖ్మలు వెయ్యమంటే, ఊదితే ఎగిరే పల్చటి నూలుగుడ్డ వేశారు. ఒకరింట్లో కుడివైపు మూడు వేళ్లు చాలలేదు. "ఎదురింటాయన టేపుకి మతిమరుపు" అని జనం నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. సరిచెయ్యమంటే చేతులు కట్టుకుని వినేవారు, వినేసి వచ్చేసేవారు.

ఇలాంటి మనిషింట్లో నా గదికి కర్టెన్ లేదు.

నాది మేడ మీద వీధివైపు గది. పెద్ద కిటికీ. రెక్కలు వేస్తే గదిలో చీకటి, తీస్తే గదిలో వీధి. వీధికి అటువైపు, సరిగ్గా ఎదురుగా, ఇంకో మేడ మీద ఇంకో కిటికీ. అక్కడ రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన రోజంతా కుర్చీలో ఉండేవారు. మోకాళ్లు పోయి మెట్లు దిగలేరని చెప్పుకునేవారు. ఆయన వెనకాల భార్య, పెద్ద కళ్లద్దాలావిడ, అటూ ఇటూ తిరుగుతుండేది. మా ఇంట్లో ఆవిడ పేరు కళ్లజోడు. కొత్త కోడల్ని, జడ వేసుకోవాలన్నా తలుపు చాటుకి వెళ్లేదాన్ని. చీర మార్చుకోవాలంటే కింద స్నానాలగదే గతి.

వచ్చిన వారానికే అడిగాను. మావయ్యగారు ఎంతో విచారంగా మొహం పెట్టారు.

"కుట్టకేం తల్లీ. కానీ ఎదురింట్లో అడగాలి కదా. మీ అత్తయ్యకీ ఆవిడకీ మాటల్లేవు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

ఆ తగువు పదకొండేళ్ల నాటిది. అత్తయ్యగారు ముచ్చటపడి నిలువుటద్దం ఉన్న బల్ల ఒకటి కొనుక్కుని, ఆ మేడగదిలో కిటికీ పక్కనే పెట్టించుకున్నారు. అద్దం ముందుకీ వెనక్కీ వాలే రకం. మర్నాడే కళ్లజోడావిడ తన కిటికీలోంచి నలుగురూ వినేలా, "మీ అద్దం మా కళ్లల్లో కొడుతోంది, పక్కకి తిప్పుకోండి" అని అరిచింది. "మా ఇల్లు, మా అద్దం, మా ఇష్టం" అన్నారు అత్తయ్యగారు. ఆ రోజు నుంచి రెండిళ్ల మధ్య వీధే తప్ప మాట లేదు.

నెలలు గడిచాయి. ఊరందరి కిటికీలకీ నా చేత్తోనే కుచ్చులు కుట్టాను. నా కిటికీకి మాత్రం ఒక దుప్పటి కట్టుకునేదాన్ని. పొద్దున్న కిందికి దిగి మళ్లీ ఎక్కేసరికి అది ఉండేది కాదు. అత్తయ్యగారు ఉతకడానికి తీసేసేవారు. రోజూ ఉతికేవారు. అంత శుభ్రమైన దుప్పటి ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు.

పోనీ అద్దంలో మొహం చూసుకుందామా అంటే అదీ విచిత్రమే. నిలువుగా పెట్టి వెళ్తే, వచ్చేసరికి వెనక్కి వాలి ఉండేది. బొట్టు పెట్టుకోబోతే దూలాలు కనిపించేవి. మర వదులైందేమోనని మా ఆయన రెండుసార్లు బిగించారు, తుమ్ముతూనే. మళ్లీ వాలేది. ఇంట్లో అన్ని గదులూ నేనే ఊడ్చేదాన్నిగానీ, ఆ గది మాత్రం తొమ్మిదయ్యేసరికి అత్తయ్యగారే చీపురు పట్టుకుని మెట్లెక్కేవారు. "నేను ఊడుస్తానండీ" అంటే, "ఆ ఒక్కటీ నాకొదిలెయ్యమ్మా" అనేవారు. నా మీద ఎంత ప్రేమో అనుకునేదాన్ని.

ఎనిమిదో నెలలో నాకు ఓపిక అయిపోయింది. మావయ్యగారు దూరాన ఏదో హోటలు కిటికీలకి ఎదురుగా కూర్చోవడానికి వెళ్లిన రెండు రోజుల్లో నేనే తాను తీశాను. ముదురాకుపచ్చ దళసరి గుడ్డ. ఎదురింట్లో ఎవరినీ అడగలేదు. కిటికీని కొలిచాను. అటు నాలుగు వేళ్లు, ఇటు నాలుగు వేళ్లు, కింద బెత్తెడు, అన్నీ ఎక్కువే పెట్టాను. వెనక అస్తరు కూడా వేశాను. మూడో రోజు పొద్దున్న అత్తయ్యగారు గది ఊడ్చేసి బజారుకి వెళ్లడం చూసి కడ్డీకి రింగులెక్కించి లాగాను. ఒక్క వెలుతురు పోగు లోపలికి రాలేదు. ఆ చీకటి నాదే కదా అని, మళ్లీ వాలి ఉన్న అద్దాన్ని నిటారుగా సర్ది, గది మధ్యలో నిలబడి తీరిగ్గా జడ విప్పుకున్నాను.

తొమ్మిదిన్నరకి కింద తలుపు చప్పుడైంది. దిగి చూస్తే గుమ్మంలో కళ్లజోడావిడ. వీధి దాటి వచ్చింది. పదకొండేళ్లలో మొదటిసారి. సరిగ్గా అప్పుడే సంచి పుచ్చుకుని అత్తయ్యగారు బజారు నుంచి వచ్చి ఆవిడ వెనకాల ఆగిపోయారు. లోపలికి వెళ్లాలంటే జరగమనాలి. జరగమంటే మాట్లాడినట్టవుతుంది.

చివరికి కళ్లజోడావిడే వెనక్కి తిరిగింది. గొంతులో తగువుంది, కళ్లల్లో లేదు.

"పదకొండేళ్ల నుంచీ రోజూ మా కళ్లల్లో కొట్టారు. ఇవాళెందుకు కొట్టలేదు?"

అత్తయ్యగారి చేతిలో సంచి కిందికి జారింది.

"మా ఆయన మొహానికి సబ్బు రాసుకుని కూర్చున్నారు. తొమ్మిదీ పది నుంచీ. మాకు మధ్యాహ్నం దాకా లోపల ఎండ లేదు. మీ అద్దం వెలుగొస్తేనే గడ్డం గీసుకుంటారు. దీపం వెయ్యనంటే వెయ్యనియ్యరు. నురగ ఎండిపోతోంది."

అత్తయ్యగారు నా వైపు చూశారు. "పైన ఏం చేశావే నువ్వు?"

నేను అప్పటికే మెట్ల మీదున్నాను. రింగులు జరిపే ఓపిక లేక కర్టెన్ని కడ్డీతో సహా ఊడదీశాను. ఎండ గదిలోకి దూకింది. అద్దాన్ని వెనక్కి వంచాను. ఒక తెల్లటి పలక నా గోడ మీద తడబడి, కిటికీ దాటి, వీధి మీదుగా గాలిలో ఎక్కడికి పోయిందో పోయి, ఎదురు మేడ గోడ మీద తేలింది. ఇంకాస్త వంచాను. అది మెల్లగా పాకి వాళ్ల కిటికీలోకి దిగి, సబ్బు నురగతో తెల్లగా ఉన్న ఒక ముసలి మొహాన్ని వెతికి పట్టుకుంది.

గార్డుగారు కళ్లు చికిలించారు. చేతి గడియారం చూసుకున్నారు. వీధి అవతలి నుంచి గంభీరంగా వినిపించింది: "ముప్పై రెండు నిమిషాలు లేటు."

అని రేజరందుకున్నారు.

కిందికొచ్చేసరికి కళ్లజోడావిడ వెళ్లిపోయింది. అత్తయ్యగారు మెట్ల మీద కూలబడి ఉన్నారు. అప్పుడు బయటపడింది సంగతి. అద్దం మర వదులవలేదు. రోజూ తొమ్మిదింటికి ఆ గది ఊడవడానికెక్కి, ఎదురింటావిడ కళ్లల్లో సరిగ్గా పడేలా అద్దం వంచి వస్తున్నది అత్తయ్యగారే. దుప్పటి ఉతకడమూ అందుకే. జ్వరమొచ్చినా ఆ పని మానలేదట.

"అయితే ఇన్నేళ్లూ నేను ఆవిడకి మేలు చేస్తున్నానా?" అన్నారావిడ. పెట్టెలో దాచుకున్న నగ గిల్టుదని తేలినవాళ్ల గొంతు అది. ఆ పూట అన్నం తినలేదు.

మధ్యాహ్నం మావయ్యగారు వచ్చారు. నేను కిందికి తెచ్చి కొట్లో పడేసిన పచ్చ కర్టెన్ ఎత్తి, ముందు అంచు కుట్టు చూశారు. "బాగా కుట్టావు" అన్నారు. ఆ తర్వాత నా మొహం చూశారు.

"మీకు ముందే తెలుసు కదూ మావయ్యగారూ?"

"ఎదురింట్లో అడిగానమ్మా."

"మాటల్లేవన్నారు?"

"ఆడవాళ్లకి. మగవాళ్లకి లేవన్నానా?"

దారం కొనడానికని వారానికోసారి వెళ్లే మనిషి గంట తర్వాత ఉత్త చేతులతో ఎందుకు వచ్చేవారో అప్పుడు అర్థమైంది. తగువైన ఏడాదికే గార్డుగారి మోకాళ్లు పోయాయట. అప్పటిదాకా కళ్లల్లో కొట్టిన వెలుగే అప్పట్నుంచీ ఆయనకి తొమ్మిదీ పది బండి అయింది. చలికాలంలో లేటని, మబ్బు పడితే రద్దని డైరీలో రాసుకునేవారట. కళ్లజోడావిడ ప్రాణం పోయినా ఆ మాట మాతో చెప్పదు, అరిచిన నోరు కదా.

"నాకెందుకు చెప్పలేదు? ఎనిమిది నెలలు స్నానాలగదిలో చీర కట్టుకున్నాను."

ఆయన తల వంచుకున్నారు. "తప్పే తల్లీ. కానీ నీకు చెబితే మీ అత్తయ్యకి చెబుతావు. మంచిపని అని తెలిసి రోజూ చెయ్యడం కష్టమమ్మా. ఒకరోజు నడుం నొప్పంటాం, ఒకరోజు చుట్టాలంటాం. అదే పంతానికైతే చూడు, పదకొండేళ్లలో ఒక్క రోజు నాగా లేదు."

వంటింట్లో ఏదో గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడైంది. అత్తయ్యగారు వింటున్నారు.

"రా, ఇప్పుడు కొలత తీద్దాం" అని మావయ్యగారు టేపు నా మెడలో వేసి, నన్ను వీధి దాటించారు. దారిలో అడిగాను, పళ్ల డాక్టరుగారి కర్టెన్ జానెడు తక్కువెందుకని.

"ఎదురుగా చెప్పులు కుట్టేవాడున్నాడు చూడు. కింద కూర్చుంటాడు కదా. ఆ జానెడులోంచి వచ్చినవాళ్ల పాదాలు చూసి ఎవరి జోడు తెగేలా ఉందో కనిపెడతాడు. బయటికి రాగానే పిలుస్తాడు."

"సంగీతం మేష్టారిది?"

"ఎదురింట్లో మిషను కుట్టే పిల్ల నాలుగేళ్లుగా ఆయన పాఠాలు వింటోంది. మఖ్మలు వేస్తే మధ్యలో ఆగిపోదూ?"

గార్డుగారు నున్నటి గడ్డంతో కుర్చీలోంచే చెయ్యెత్తి పలకరించారు. మావయ్యగారు ఆయన్ని పక్కకి జరిపించి, ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. కళ్లజోడావిడ టీ పెట్టింది. అక్కణ్నుంచి నా కిటికీని మొదటిసారి చూశాను. ఎనిమిది నెలలుగా నన్నెవరో చూస్తున్నారని ఒదిగి తిరిగిన గది అక్కణ్నుంచి చూస్తే ఉత్త నీడ. మంచం లేదు, మనిషి లేదు. అద్దం అంచున చిన్న మెరుపు, అంతే. అంతకు మించి వాళ్లకేమీ కనబడేది కాదు.

మావయ్యగారు నాకు కర్టెన్ కుట్టారు. నేను తీసిన పచ్చగుడ్డే. అస్తరు విప్పలేదు, పొడుగు తగ్గించలేదు. మధ్యకి చీల్చి రెండు రెక్కలు చేశారంతే. వాటిని పక్కలకి లాగి కట్టడానికి రెండు పట్టీలు కావాల్సొచ్చాయి. గార్డుగారు తన పాత పచ్చజెండా పంపించారు, కర్రతో సహా. ఎండకీ పొగకీ వెలిసిన ఆ గుడ్డని మావయ్యగారు రెండుగా కత్తిరించి, నలువైపులా మడిచి కుట్టారు. కర్ర తిరిగి ఇచ్చేశారు.

కుట్టయితే అయిందిగానీ, రేపట్నుంచి తొమ్మిదింటికి ఆ పట్టీలు కట్టేదెవరన్నదే అసలు ప్రశ్న. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ ఆ మాటెత్తలేదు. మేలని తెలిశాక అత్తయ్యగారు ఎక్కుతారా? మావయ్యగారు మజ్జిగ కలుపుకుంటూ, గాలితో చెప్పినట్టు, "పాపం, కళ్లజోడావిడ చాలా సంతోషించింది. ఎదురింటివాళ్లది ఎంత మంచి మనసో అంది" అన్నారు. అత్తయ్యగారి మొహం జేవురించింది. "నా మనసు మంచిదని చెప్పడానికి ఆవిడెవరు?" అన్నారు. మావయ్యగారు మజ్జిగ తాగేశారు.

మర్నాడు తొమ్మిదికి మెట్ల మీద చీపురు చప్పుడు వినిపించింది.

ఇదంతా ఎప్పటి మాటో. మావయ్యగారూ లేరు, గార్డుగారూ లేరు. కొట్టు నేనే చూస్తున్నాను. ఎవరింటికి పిలిచినా ముందు ఎదురింటి తలుపే తడతాను. కొందరు నా మొహాన తలుపు వేసేస్తారు, కొందరు టీ ఇస్తారు. నా కర్టెన్లు కూడా ఎక్కడో ఒకచోట తక్కువొస్తాయని పేరు. టేపు ఆయనదే కదా, మతిమరుపు దాంతోపాటే వచ్చిందంటారు. ఒక్కోసారి తడిపి ఆరేసిన గుడ్డల మధ్యన నడుస్తుంటే, వాటి అవతల ఎవరి వరండాలోనో ఆయన కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నట్టే ఉంటుంది.

అత్తయ్యగారికి ఇప్పుడు మెట్లు కష్టం. మధ్యలో రెండుసార్లు ఆగి ఆయాసపడతారు. ఇవాళ పొద్దున్న కూడా, "నేను వంచుతాను, మీరు కూర్చోండి" అన్నాను.

"నీకు చేతకాదు. సరిగ్గా కళ్లల్లో పడాలి" అని గోడ పట్టుకుని పైకెక్కారు.

వీధి అవతల, మేడ మీద కిటికీలో, కళ్లజోడావిడ అప్పటికే కుర్చీ ముందుకి లాక్కుని, కళ్లద్దాలు తుడుచుకుని, ఒళ్లో పేపరు విప్పుకుని తయారుగా ఉంది.